ముందు చిట్టా, తరవాత ఆవర్జా

మా అక్క పెళ్ళి 1974లో తెనాలి దగ్గర మా పల్లెటూళ్ళో జరిగింది. ఆ పెళ్ళిలో చదివింపులు రాసే పని మా చిన్నతాతయ్య కోరి నెత్తిన వేసుకున్నాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఏ పనైనా ఒక పద్ధతిలో జరక్కపోతే ఆయనకి అన్నం సయించదు. నెలరోజుల ముందే లావుపాటి నోటుబుక్కు కొని, ఎర్రసిరాతో గీతలు గీసి, ఇంటిపేర్ల అకారాది క్రమంలో పేజీలు కేటాయించాడు. పెళ్ళికి వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళ ఇంటిపేరు పేజీ వెతికి, ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు రాసి, చదివించిన మొత్తం వేసి, కింద కూడిక తిరగరాసి, అప్పుడు కళ్ళజోడు పైకి తోసుకుని "తరవాత ఎవరండీ?" అనేవాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. పక్కన కూర్చుని పేజీలు తిప్పే వుద్యోగం నాది.

మొదటి పదిహేనుమంది దాకా బాగానే సాగింది. తలంబ్రాలు అవగానే జనం ఒక్కసారిగా లేచారు. వరస పందిరి గుంజ దాటింది, నూతి గట్టు దాటింది, వీధి గుమ్మందాకా పోయింది. అవతల వంటవాళ్ళు "బంతి వేస్తున్నాం, రండి బాబూ" అని కేకలు. ఇవతల ఆయన తీరుగా పేజీలు వెతికిస్తున్నాడు. పాపం, ఆయన నెమ్మదైన మనిషేం కాదు. ఒక్కో పేరుకీ పేజీ వెతకడం, కూడిక దిద్దడం ఇవే పొద్దంతా తినేస్తున్నాయి.

ఇంతలో మా వూరి కరణంగారు వచ్చారు. ఒక నిమిషం చూసి, పుస్తకం తిరగేసి, వెనక అట్టవైపు తెల్లకాగితం తీసి, "మేష్టారూ, వచ్చింది వచ్చినట్టు వరసగా రాసెయ్యండి. సర్దుకోవడం రేపు చూసుకుందాం. ముందు చిట్టా, తరవాతే ఆవర్జా" అన్నారు. పావుగంటలో వరస కరిగిపోయింది.

కానీ అప్పటికే ఒకావిడ వెళ్ళిపోయింది. మా అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ అందర్నీ ఈ లోకంలోకి తన చేతుల మీదుగా తీసుకొచ్చిన మంత్రసాని. అయిదు రూపాయల నోటు కొంగున ముడేసుకుని, గంటసేపు వరసలో నిలబడి, వాళ్ళ వూరికి ఆఖరి బస్సు తప్పిపోతుందని, చదివించకుండానే, భోజనమైనా చెయ్యకుండానే వెళ్ళిపోయిందట. ఆ సంగతి మర్నాడు తెలిసి మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఇన్నేళ్ళ తరవాత ఈ కథ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అమ్మాయి వల్ల. అది హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పని చేస్తోంది. ఏదో దుకాణంవాళ్ళ వెబ్‌సైటు బాగోగులు చూడటం దాని పని. పోయిన దసరాకి ఆ దుకాణంవాళ్ళు అర్ధరాత్రి పన్నెండింటికి తగ్గింపు ధరల అమ్మకం మొదలుపెట్టారు. పన్నెండూ అయిదుకల్లా వెబ్‌సైటు బిగుసుకుపోయింది. తెల్లవార్లూ జాగారం చేసి పొద్దున్నే ఫోను చేసింది.

"ఏమ్మా, సరుకు చాల్లేదా?" అన్నాను.

"సరుకూ వుంది, డబ్బు తీసుకునే ఏర్పాటూ వుంది. ఎవరెవరు వచ్చారో రాసుకునే చోట ఆగిపోయింది అమ్మా. ఒక్కొక్కళ్ళూ లోపలికి రాగానే డేటాబేసులో ఒక వరస రాస్తాం. ఆ రాత పూర్తయ్యేదాకా వాళ్ళని గుమ్మంలోనే నిలబెట్టేస్తున్నాం. అది ఇప్పుడే తెలిసింది" అంది.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "మీ కంపెనీలో మా చిన్నతాతయ్య వున్నట్టున్నాడే" అన్నాను. తరవాత ఆదివారం అది ఇంటికి వచ్చినప్పుడు సంగతంతా విడమర్చి చెప్పించుకున్నాను. అదిచ్చిన పుస్తకాలూ కాగితాలూ ఓపిగ్గా తిరగేశాను. అప్పుడు తెలిసింది, ఈ చిక్కు నిన్నా మొన్నటిది కాదనీ, దీని వెనక అయిదువందల ఏళ్ళ పైచిలుకు చరిత్ర వుందనీ.

1494లో వెనిస్ నగరంలో లూకా పచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి గణితం మీద ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. సన్యాసికి లెక్కలెందుకని అడక్కండి. ఆ గ్రంథంలో ఒక భాగం వర్తకుల పద్దుల గురించి. ఆ పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. వెనిస్ వర్తకులు అప్పటికే పాటిస్తున్నదాన్ని శ్రద్ధగా గ్రంథస్థం చేశాడు. వర్తకుడికి మూడు పుస్తకాలు కావాలంటాడు ఆయన. మొదటిది చిత్తు పుస్తకం. జరిగింది జరిగినట్టు, ఏ నాణెంలో ఇస్తే ఆ నాణెంలోనే, అప్పటికప్పుడు రాసుకునేది. రెండోది రోజువారీ పద్దు. మూడోది ఖాతాల పుస్తకం. ఎవరి ఖాతా వాళ్ళకి విడిగా వుంటుంది, ఖాతా త్వరగా దొరకడానికి అకారాది సూచిక కూడా వుంటుంది. రోజువారీ పద్దులోంచి ఖాతాలోకి ఎక్కించిన వరసమీద గీత కొట్టెయ్యాలి, మళ్ళీ రెండోసారి ఎక్కించకుండా.

మనకి నచ్చే సంగతి ఇంకోటి వుంది. యజమాని ఇంట్లో లేనప్పుడు ఆ చిత్తు పుస్తకంలో పనివాళ్ళూ, ఇంట్లో ఆడవాళ్ళూ రాయవచ్చునన్నాడు పచోలీ. దాన్ని బట్టే ఆ పుస్తకం ప్రయోజనం తెలుస్తోంది. అది ఎవరైనా, ఎంత హడావిడిలోనైనా రాయగలిగేట్టు వుండాలి. తీరిగ్గా, నేర్పుగా చెయ్యాల్సిన పని తరవాతి పుస్తకాలకి వదిలెయ్యాలి.

మనవాళ్ళకీ ఇది కొత్త కాదు. రోజువారీ రాసేది చిట్టా. అందులోంచి తీసి ఖాతాలవారీగా సర్దేది ఆవర్జా. కామర్సు చదివే పిల్లల తెలుగు పుస్తకాల్లో ఈ రెండు మాటలూ ఇప్పటికీ వున్నాయి. ఎవరిమీదైనా కోపం వస్తే "వాడి చిట్టా అంతా నా దగ్గరుంది" అంటాం గాని, "ఆవర్జా వుంది" అనం. ఎందుకంటే జరిగినవన్నీ జరిగిన వరసలో వుండేది చిట్టాలోనే కదా!

సరే, ఇక కంప్యూటర్ల దగ్గరికి వద్దాం. ఇవి ప్రపంచంలోకి వచ్చాక పద్దులన్నీ వాటిలోకి ఎక్కాయి. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పని చేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన, సమాచారాన్ని గడుల పట్టికలుగా పెట్టుకుంటే ఏ ప్రశ్నకైనా జవాబు సులువుగా లాగవచ్చునని చూపించాడు. ఈనాటి డేటాబేసుల్లో చాలావాటికి మూలపురుషుడు ఆయనే. అదే ఏడాది బోయింగ్ విమానాల కంపెనీ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ అనే ఇద్దరు, లక్షల వరసల్లోంచి కావలసినదాన్ని చిటికెలో పట్టుకునే ఉపాయం కనిపెట్టారు. దానికి ‘బి-ట్రీ’ అని పేరు పెట్టారు. ఆ ‘బి’ అంటే బేయరా, బోయింగా అన్నది వాళ్ళు తేల్చి చెప్పలేదు.

ఇది నిఘంటువు లాంటిది. ‘మందారం’ అనే మాట కావాలంటే మొదటి పేజీనుంచి చదువుకుంటూ పోం. ‘మ’ ఎక్కడుందో చూస్తాం, అందులో ‘మం’ చూస్తాం, నాలుగడుగుల్లో మాట దొరుకుతుంది. వెతుక్కునేవాళ్ళకి ఇంతకన్నా సుఖం లేదు. కష్టమంతా రాసేవాడిది. నిఘంటువులోకి కొత్త మాటలు నిమిషానికి వెయ్యి వచ్చి పడుతుంటే, ప్రతిమాటకీ దాని చోటు వెతికి, ఆ పేజీలో జాగా చేసి, జాగా లేకపోతే పేజీని రెండుగా చీల్చి, అప్పుడు రాయాలి. మా చిన్నతాతయ్య పుస్తకం సరిగ్గా ఇదే!

పైగా కంప్యూటరు డిస్కుకి ఒక బలహీనత వుంది. మన ఇళ్ళల్లో గ్రామఫోను రికార్డులు గుర్తున్నాయా? పాట సాగుతున్నంతసేపూ ముల్లు దాని దారిన అది పోతుంది. మూడో పాట కావాలంటే మాత్రం ముల్లెత్తి, గురి చూసి, అక్కడ దించాలి. పాత పద్ధతి డిస్కు కూడా అంతే. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు మీద ఒక చోటినుంచి ఇంకో చోటికి ముల్లు జరిగి, కావలసిన భాగం కిందికి వచ్చేసరికి సెకనులో నూరో వంతు పడుతుంది. వినడానికి తక్కువే. కానీ అలా సెకనుకి ఓ వంద చోట్లకి మించి తిరగలేదు. అదే ఎత్తకుండా, దించకుండా వరసగా రాసుకుంటూ పొమ్మంటే సెకనులో వేలకొద్దీ వరసలు రాసేస్తుంది. చిట్టా తేలిక, ఆవర్జా బరువు అన్నది డిస్కుకీ వర్తిస్తుందన్నమాట.

1989లో టిమ్ బర్నర్స్-లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనా సంస్థలో వెబ్‌కి అంకురార్పణ చేశాడు. 1991లో అది లోకానికి తెలిసింది. ఆయన నడిపిన మొట్టమొదటి సర్వరుకి వచ్చేవాళ్ళ తాకిడి 1994 దాకా ఏటా పదింతలు చొప్పున పెరిగిందట. సర్వరంటే మరేం కాదు, వడ్డించేదని అర్థం. పేజీ కావాలని అడిగినవాళ్ళకి పేజీ వడ్డిస్తుంది. వడ్డించిన ప్రతిసారీ ఒక వరస రాసుకుంటుంది. ఏ చిరునామా నుంచి అడిగారు, ఏ క్షణాన అడిగారు, ఏ పేజీ అడిగారు, ఇవ్వగలిగిందా లేదా, ఎంత ఇచ్చింది - ఇంతే. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1993లో తయారైన సర్వరునుంచి ఈ వరస రాసే తీరు అందరికీ ఒకటిగా స్థిరపడింది. అది అచ్చంగా చిట్టాయే. ఫైలు చివర ఒక వరస అతికించడం, తరవాతివాళ్ళని పిలవడం. అందుకే ఆ రోజుల్లో రాతవల్ల ఎవరూ ఆగలేదు.

మరి చిక్కెక్కడ వచ్చింది? ఆశ పెరిగినచోట. రాసుకున్న చిట్టా చూసి జవాబులు చెప్పమన్నారు యజమానులు. నిన్న ఎంతమంది వచ్చారు? ఏ వూరినుంచి ఎక్కువ? ఏ చీర పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగారు? ఎవరు కొనకుండా వెళ్ళిపోయారు? లక్షల వరసల చిట్టా మొదటినుంచి చివరిదాకా చదివి జవాబు చెప్పాలంటే గంటలు పడుతుంది. అందుకని రాకపోకల్ని నేరుగా డేటాబేసులోకే రాయడం మొదలుపెట్టారు. తేదీకొక సూచిక, వూరికొక సూచిక, పేజీకొక సూచిక పెట్టుకున్నారు. అయిదు సూచికలుంటే ఒక్క మనిషి వచ్చినా ఆరు చోట్ల రాయాలి. మొదట్లో ఏమీ తెలియదు. పుస్తకం చిన్నగా వున్నంతకాలం సూచికలన్నీ కంప్యూటరు జ్ఞాపకంలోనే ఇముడుతాయి. పుస్తకం పెరిగి, సూచికలు జ్ఞాపకంలో పట్టక డిస్కుమీదికి వెళ్ళిననాడు ముల్లు గెంతడం మొదలవుతుంది. నిన్నటిదాకా పరిగెత్తినది ఇవాళ కుంటుతుంది. మా అమ్మాయి "ఏమీ మార్చలేదే, ఎందుకాగింది?" అని తల పట్టుకుంది ఇందుకే.

ఈ ముడి విప్పినవాళ్ళలో ఒక దంపతులున్నారు. పాట్రిక్ ఓనీల్, ఎలిజబెత్ ఓనీల్. ఇద్దరూ అప్పట్లో బోస్టన్‌లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఎడ్వర్డ్ చెంగ్, డీటర్ గాలిక్ అనే మరో ఇద్దరితో కలిసి 1996లో వాళ్ళొక వ్యాసం ప్రచురించారు. అందులో వాళ్ళు తీసుకున్న ఉదాహరణ బ్యాంకుది. సెకనుకి వెయ్యి లావాదేవీలు, రోజుకి ఎనిమిది గంటలు, ఇరవై రోజులు. వేసి చూడండి, 57 కోట్ల 60 లక్షల వరసలు! వాటికి ఖాతా నంబరు మీద ఒకే ఒక్క సూచిక పెట్టినా, పాత పద్ధతిలో అదనంగా యాభై డిస్కులు కావాలని లెక్క తేల్చారు. ఒక్క సూచిక కోసం యాభై డిస్కులా!

వాళ్ళు చెప్పిన ఉపాయం వంటింట్లో మనం రోజూ చేసేదే. కొత్తగా వచ్చినవి వచ్చినట్టు ముందు చిట్టాలో ఒక వరస వేసుకోవాలి, కరెంటు పోయినా లెక్క పోకుండా. వాటినే కంప్యూటరు జ్ఞాపకంలో ఒక చిన్న పుస్తకంలో వరసగా సర్దుతూ వుండాలి. జ్ఞాపకంలో ముల్లు లేదు కనక సర్దడం చిటికెలో పని. ఆ చిన్న పుస్తకం నిండాక మొత్తంగా ఒక్కసారి డిస్కుమీద దింపాలి. తీరిక దొరికినప్పుడు డిస్కుమీద వున్న సర్దిన పుస్తకాల్ని ఒకదాంట్లో ఒకటి కలిపెయ్యాలి. ఆడపెళ్ళివారి పిలుపుల జాబితా, మగపెళ్ళివారి జాబితా రెండూ అకారాదిక్రమంలో వుంటే, కలిపి ఒకటి రాయడం ఎంతసేపు? రెంటి మీదా చెరో వేలూ పెట్టి, ముందొచ్చేది రాసుకుంటూ దిగడమే. ఎక్కడా వెనక్కి తిరగనక్కర్లేదు. ముల్లు గెంతనక్కర్లేదు.

దీనికీ ఒక ఖరీదుంది. ఎవరిదైనా పేరు వెతకాలంటే ఒక్క పుస్తకం బదులు నాలుగైదు పుస్తకాలు తెరవాల్సి రావచ్చు. రాసేవాడి సుఖం కోసం వెతికేవాడు కొంచెం ఓర్చుకోవాలి. కానీ రాకపోకల పద్దులో రాసేది కోట్లసార్లు, వెతికేది ఎప్పుడో ఒకసారి. బేరం గిట్టుబాటే.

ఎంత తాకిడి వుంటుందో తెలియాలంటే 1998 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల కథ చెప్పాలి. ఫ్రాన్సులో జరిగిన ఆ పోటీల వెబ్‌సైటుకి ఏప్రిల్ 30 నుంచి జూలై 26 వరకూ 135 కోట్ల పైచిలుకు అడుగుళ్ళు వచ్చాయి. పారిస్‌లోనూ, అమెరికాలో మూడు చోట్లా కలిపి 33 సర్వర్లు వడ్డించాయి. జూన్ 30న ఇంగ్లండు, అర్జెంటీనా తలపడిన రోజున ఒక్కరోజే దాదాపు 7 కోట్ల 30 లక్షలు! సగటున సెకనుకి ఎనిమిది వందలకి పైన. సెకనుకి వంద చోట్లకి మించి గెంతలేని ముల్లు ఏం చేస్తుంది పాపం? ఏ సర్వరు చిట్టా అది రాసుకుంటూ పోయింది. తరవాత హ్యూలెట్ పాకర్డ్ సంస్థ పరిశోధకులు మార్టిన్ ఆర్లిట్, తాయ్ జిన్ ఆ చిట్టాలన్నీ కూర్చి పరిశీలించారు. ఒక్కో వరసనీ ఇరవై బైట్లకి కుదించారు, అంటే ఇరవై అక్షరాలు పట్టేంత జాగా. అడిగినవాళ్ళ చిరునామాలు తీసేసి, బదులు మామూలు అంకెలు పెట్టారు. దానివల్ల జాగా కలిసొచ్చింది, వచ్చినవాళ్ళ గుట్టూ దాగింది. ఆ మొత్తం చిట్టా అంతా ఇవాళ మీ చేతిలో వున్న ఫోనులో సుఖంగా పడుతుంది.

అన్నీ దాచుకోవాలా అన్నది ఇంకో ప్రశ్న. 1999లో టోబియాస్ ఓయెటికర్ అనే ఆయన తయారుచేసిన ‘ఆర్.ఆర్.డి. టూల్’ అనే సాధనం దీనికి చక్కటి జవాబు చెప్పింది. అందులో పుస్తకం ఎప్పటికీ పెరగదు. గడియారం ముల్లులాగా చివరి గడికి వెళ్ళాక మళ్ళీ మొదటి గడిలో రాస్తుంది. ఇవాళ్టి సంగతులు నిమిషాలవారీగా, పోయిన నెలవి గంటలవారీగా, పోయిన ఏడాదివి రోజులవారీ సగటుగా మిగులుతాయి. మన జ్ఞాపకాలూ అంతేగా? నిన్న పొద్దున ఏ కూర వండామో చెప్పగలం. పోయిన ఏడాది సంగతి అడిగితే "ఆ యేడు వంకాయలు బాగా కాశాయి" అంటాం.

2005లో గూగుల్ సంస్థ అర్చిన్ అనే కంపెనీని కొని, నవంబరులో ‘గూగుల్ ఎనలిటిక్స్’ పేరుతో ఈ రాకపోకల లెక్కని వెబ్‌సైటుదారులకి ఉచితంగా చేసి పెట్టడం మొదలుపెట్టింది. ఉచితమంటే తెలుసుగా! మొదటి వారంలోనే తాకిడి తట్టుకోలేక, కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపెయ్యాల్సి వచ్చింది. అందరికీ మళ్ళీ తలుపులు తెరిచింది 2006 ఆగస్టులో. అదే ఏడాది ఫే చాంగ్, జెఫ్రీ డీన్, సంజయ్ ఘెమావత్ మొదలైన తొమ్మిదిమంది గూగుల్ వారి ‘బిగ్‌టేబుల్’ గురించి వ్యాసం రాశారు. అప్పట్లో ఎనలిటిక్స్ పద్దులు పెట్టింది అందులోనే. వాళ్ళు అప్పుడు వాడింది రెండు పుస్తకాలు! మొదటిదాంట్లో వచ్చిన ప్రతివాళ్ళ సందర్శనకీ ఒక వరస, ముందు వెబ్‌సైటు పేరు, తరవాత వచ్చిన సమయం. ఒకే దుకాణానికి వచ్చినవాళ్ళంతా ఒకేచోట కాలక్రమంలో వుండేవారు. ఆ పుస్తకం అప్పటికే 200 టెరాబైట్లు. దాన్నుంచి ఎప్పటికప్పుడు తీసిన మొత్తాలతో రెండో పుస్తకం. అది 20 టెరాబైట్లు, పదో వంతు. యజమాని ఎప్పుడడిగినా రెండోది చూసి జవాబు చెప్పడమే. పచోలీ లేచి వస్తే తన పుస్తకాల్ని వెంటనే గుర్తుపట్టేవాడు. మా కరణంగారైతే "ఇది చిట్టా, అది ఆవర్జా. ఇందులో కొత్తేముంది?" అనేవారు.

కొత్తది లేకపోలేదు. 2005లో, ఓనీల్ దంపతులు కూడా పాలుపంచుకున్న ఇంకో పరిశోధన ‘సి-స్టోర్’. పట్టికని అడ్డంగా మనిషివారీగా కాక, నిలువుగా గడివారీగా దాచుకొమ్మంది. చదివింపుల మొత్తం కావాలంటే పేర్లూ ఊర్లూ చదవడమెందుకు? రూపాయల గడి ఒక్కటీ చదివితే చాలదా? పైగా ఒకే రకం సంగతులు పక్కపక్కన వుంటే బాగా కుదించవచ్చు. రష్యాలో యాండెక్స్ సంస్థ వెబ్‌సైటు రాకపోకల లెక్కకోసమే తయారుచేసుకుని, 2016లో అందరికీ ఇచ్చేసిన ‘క్లిక్‌హౌస్’ ఈ రెండు ఉపాయాల్నీ కలుపుకుంది. గుత్తులుగా రాసి, వెనకనుంచి కలుపుకుంటూ, గడివారీగా దాచుకుంటుంది. ఇప్పుడు ముల్లులేని డిస్కులు వచ్చాయి. అయినా వాటిలోనూ అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం చెరిపి రాస్తే త్వరగా అరిగిపోతాయి. వరసగా రాయడమే వాటికీ ఆరోగ్యం.

ఇంతకీ మా అమ్మాయి ఏం చేసిందంటారా? వచ్చినవాళ్ళ సంగతి ఒక చీటీమీద వేసి డబ్బాలో పడేసి, వాళ్ళని వెంటనే లోపలికి పంపమంది. డబ్బాలో చీటీలు ఒక్కొక్కటిగా కాక వెయ్యేసి ఒకేసారి డేటాబేసులో రాయమంది. చిటికెడు పంచదార కావాల్సినప్పుడల్లా కొట్టుకి పరిగెత్తం కదా, నెలసరుకులు ఒకేసారి తెచ్చుకుంటాం! అయిదు సూచికలు తీసేసి సమయం సూచిక ఒక్కటే వుంచింది. రోజుకొక పుస్తకం పెట్టింది. పాతబడితే వరసలు ఒక్కొక్కటీ చెరుపుతూ కూర్చోకుండా ఆ పుస్తకాన్నే తీసి పక్కన పెట్టెయ్యవచ్చు. గంటకోసారి మొత్తాలు తీసి వేరే పట్టికలో వేయించింది. మేనేజర్లు చూడాల్సింది ఆ పట్టికనే. చిట్టా మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదంది.

"మరి ఆ డబ్బాలో చీటీలుండగా కరెంటు పోతే?" అన్నాను, తెలివైన ప్రశ్న వేశాననుకుని.

"ఓ సెకను చీటీలు పోతాయమ్మా. ఎంతమంది వచ్చారన్న లెక్కలో కొంతమంది తగ్గుతారు, కొంపేం మునగదు. డబ్బు కట్టిన పద్దు మాత్రం అలా కాదు. అది రాశాకనే రసీదు. ఏది పోయినా ఫరవాలేదో, ఏది పోకూడదో ముందు తేల్చుకోవాలి. అన్నిటికీ ఒకటే కట్టుదిట్టం పెట్టబట్టే ఆ రాత్రి అలా అయింది" అంది.

పిల్ల ఎదిగిందనిపించింది. ఇంకో మాట కూడా అంది. వచ్చినవాళ్ళ గురించి అవసరానికి మించి రాసుకోవడం మర్యాద కాదనీ, మనదేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకి చట్టం కూడా వచ్చిందనీ. తక్కువ రాసుకుంటే పుస్తకానికీ తేలిక, వచ్చినవాళ్ళకీ గౌరవం.

మా చిన్నతాతయ్యకి అన్యాయం చెయ్యకూడదు. పెళ్ళి మర్నాడు భోజనాలయ్యాక ఆయన అరుగుమీద కూర్చుని, వెనకపేజీల్లో కరణంగారు గిలికిన పేర్లన్నీ ముందుపేజీల్లోకి ఇంటిపేర్లవారీగా ఎక్కించాడు. ఒక్కో పేరు ఎక్కించగానే వెనక గీత కొట్టాడు. సాయంత్రానికి పూర్తయింది. ఆ తరవాత పాతికేళ్ళపాటు ఎవరింట్లో శుభకార్యమైనా అమ్మ ఆ పుస్తకమే తీసి, వాళ్ళెంత చదివించారో చూసి, దానికి కొంచెం పైవేసి చదివించేది. ఆయన పద్ధతి తప్పు కాదు. దానికి ఆయన ఎంచుకున్న వేళే తప్పు.

అమ్మ పోయాక ఆ పుస్తకం నా దగ్గరికి వచ్చింది. మా అమ్మాయికి చూపించాను. వెనకపేజీల్లో వరసగా కొట్టేసిన పేర్లన్నీ అయ్యాక, అన్నిటికన్నా అడుగున, అమ్మ చేతిరాతతో ఇంకో పేరుంది. మంత్రసాని పేరు. ఎదురుగా రూపాయల గడిలో అంకె లేదు. "వచ్చింది" అని మాత్రం వుంది. ఆ వరసమీద ఎవరూ గీత కొట్టలేదు.

మా అమ్మాయి దాన్ని ఫోనులో ఫొటో తీసుకుంది. ఆఫీసులో తన బల్ల దగ్గర అంటించుకుంటానంది.